ఊళ్లో నాన్న కంప్యూటర్‌ను ఇక్కడి నుంచి నడపడం ఎలా?

“అమ్మా, ప్రింటర్ పనిచేయడం లేదు.”

“కింద కుడిమూల చిన్న బాణం గుర్తు ఉంది చూడండి నాన్నా, దాని మీద నొక్కండి.”

“నొక్కాను. ఏదో వచ్చి పోయింది.”

నేను హైదరాబాద్‌లో, నాన్న తెనాలిలో. చాలాకాలం మా ఇద్దరి మధ్య ఫోన్ సంభాషణలు ఇలాగే సాగేవి. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. తెలివికి లోటు లేదు, కానీ తెర మీద ఉన్నదాన్ని మాటల్లో చెప్పడం, అవతలివాళ్లు ఆ మాటల నుంచి తెరను ఊహించుకోవడం ఎవరికైనా కష్టమే. అరగంట గడిచేసరికి ఇద్దరికీ టెన్షన్. ఆయన కంప్యూటర్‌ను నా ల్యాప్‌టాప్ నుంచి నడపడం నేర్చుకున్నాక ఆ అరగంట నాలుగు నిమిషాలయింది. దారిలో చేసిన పొరపాట్లతో సహా నేను నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. డబ్బు పెట్టి కొనాల్సింది ఏమీ లేదు.

ముందు ఈ తేడా తెలుసుకోండి

దూరం నుంచి కంప్యూటర్‌ను నడపడంలో రెండు రకాలున్నాయి. రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే కొత్తవాళ్లు సగం తిప్పలు పడతారు.

మొదటిది తెర పంచుకోవడం. నాన్న తన కంప్యూటర్ ముందే కూర్చుని ఉంటారు. ఆయన తెర నాకూ కనిపిస్తుంది, నా మౌస్ కదిపితే అక్కడి బాణం కదులుతుంది. నేను చేసేదంతా ఆయన చూస్తూనే ఉంటారు. ఒకరికి సాయం చేయాలంటే ఇదే కావాలి.

రెండోది దూరం నుంచి లాగిన్ అవడం. ఆఫీసులోని మీ కంప్యూటర్‌ను రాత్రి ఇంటి నుంచి తెరవాలంటే ఇది. విండోస్‌లో వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ ఈ రకానిదే. మీరు ఇక్కడి నుంచి లాగిన్ కాగానే అక్కడి తెరకు తాళం పడుతుంది, ఎదురుగా ఉన్నవాళ్లకు లాగిన్ పేజీ తప్ప ఏమీ కనిపించదు. నాన్నకు సాయం చేద్దామని నేను మొదట పట్టుకున్నది దీన్నే. “అమ్మా, నా తెర మూసుకుపోయింది” అని ఆయన కంగారుపడ్డారు. తప్పు ఆయన కంప్యూటర్‌ది కాదు, నేను ఎంచుకున్న పద్ధతిది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. చిత్రం రావాలన్నా, మౌస్ కదలాలన్నా నడపబోయే కంప్యూటర్ మేలుకుని ఉండాలి, దానికి ఇంటర్నెట్ ఉండాలి. నిద్రపోయిన కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌లో ఎంత పిలిచినా పలకదు.

ఒకే బల్ల మీద మొదలుపెట్టండి

ఊరికి వెళ్లినప్పుడో, స్నేహితుల ల్యాప్‌టాప్ తెచ్చుకునో, రెండు కంప్యూటర్లను ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి నేర్చుకోండి. ఇందులో రాజీ పడొద్దు. ఇక్కడ నొక్కితే అక్కడ ఏ పెట్టె వస్తుందో, అక్కడివాళ్లు ఏ బటన్‌కు ఒప్పుకోవాలో మీ కళ్లతో చూసి ఉంటే, రేపు రెండు వందల మైళ్ల దూరం నుంచి కూడా “ఇప్పుడు మీకు ఒక నీలం బటన్ వస్తుంది, అది నొక్కండి” అని ధైర్యంగా చెప్పగలరు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నేను ఒక మధ్యాహ్నమంతా దీనికే పెట్టాను. ఇప్పటికీ ఆ మధ్యాహ్నమే నన్ను కాపాడుతోంది.

తేలిక దారి: క్విక్ అసిస్ట్

రెండు వైపులా విండోస్ ఉంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. విండోస్ 11లో క్విక్ అసిస్ట్ మామూలుగా ముందే ఉంటుంది. లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దించుకోవచ్చు. ఇళ్లలో మామూలుగా ఉండే విండోస్ హోమ్ ఎడిషన్‌లోనూ పనిచేస్తుంది.

1. సాయం చేసేవాళ్లు కంట్రోల్, విండోస్, క్యూ కీలు మూడింటినీ కలిపి నొక్కాలి. క్విక్ అసిస్ట్ తెరుచుకుంటుంది.
2. అందులో “హెల్ప్ సమ్‌వన్” నొక్కి, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. ఖాతా సాయం చేసేవాళ్లకు ఉంటే చాలు, అవతలివాళ్లకు అక్కర్లేదు.
3. ఒక చిన్న కోడ్ వస్తుంది. అది పది నిమిషాలే పనిచేస్తుంది. ఫోన్‌లో ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పండి.
4. అవతలివాళ్లు కూడా అవే మూడు కీలు నొక్కి, ఆ కోడ్ రాసి, తెర పంచుకోవడానికి ఒప్పుకోవాలి.
5. ఇప్పుడు మీకు వాళ్ల తెర కనిపిస్తుంది, అయితే చూడటం వరకే. మౌస్ మీ చేతికి రావాలంటే “రిక్వెస్ట్ కంట్రోల్” నొక్కాలి, వాళ్లు మరోసారి ఒప్పుకోవాలి.

ఐదో మెట్టును చాలామంది తలనొప్పి అనుకుంటారు. నాకు మాత్రం అదే నచ్చింది. చూడటానికి వేరే అనుమతి, ముట్టుకోవడానికి వేరే అనుమతి. చాలాసార్లు నేను చూడటంతోనే ఆగిపోతాను. ఎక్కడ నొక్కాలో చెప్తాను, నాన్నే నొక్కుతారు. మళ్లీ అదే సమస్య వస్తే నాకు ఫోన్ రాదు, ఆయనే చేసేసుకుంటారు.

ఒక చిక్కు ఉంది. ఏదైనా ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు “ఈ యాప్ మార్పులు చేయడానికి అనుమతిస్తారా” అని విండోస్ అడుగుతుంది కదా, ఆ సమయంలో మీ వైపు తెర ఆగిపోతుంది లేదా నల్లగా అయిపోతుంది. కనెక్షన్ పోయిందని కంగారుపడి మూసేయకండి. ఆ ప్రశ్న దూరం నుంచి వచ్చినవాళ్లకు కనిపించకూడదనే విండోస్ అలా చేస్తుంది. “నాన్నా, ఇప్పుడు ఎస్, నో అని వచ్చి ఉంటుంది, ఎస్ నొక్కండి” అని ఫోన్‌లో చెబితే చాలు. తెర తిరిగి వస్తుంది.

ఎదురుగా ఎవరూ లేనప్పుడు: క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్

ఒక వైపు మ్యాక్, ఇంకో వైపు విండోస్ అయినా, మీ చేతిలో ఫోన్ మాత్రమే ఉన్నా ఇది పనికొస్తుంది. రెండు వైపులా క్రోమ్ బ్రౌజర్ ఉండాలి. ఫోన్ అయితే ఆ పేరుతోనే యాప్ ఉంది.

అప్పటికప్పుడు సాయం చేయాలంటే, అవతలివాళ్లు రిమోట్‌డెస్క్‌టాప్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి, అందులో సపోర్ట్ పేజీకి వెళ్లి, తెర పంచుకునే చోట చిన్న ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. తర్వాత “జనరేట్ కోడ్” నొక్కితే 12 అంకెలు వస్తాయి. వాటి ఆయుష్షు ఐదు నిమిషాలు. మీరు అదే పేజీలో ఆ అంకెలు వేయగానే, ఫలానా ఈమెయిల్ వాళ్లు వస్తున్నారు, రానివ్వమంటారా అని వాళ్ల తెర మీద ప్రశ్న వస్తుంది. “షేర్” నొక్కాలి. అరగంటకోసారి ఇంకా కొనసాగించాలా అని కూడా వాళ్లనే అడుగుతుంది. ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే సగం పనిలో తెగిపోతుంది.

ఎవరూ లేనప్పుడు కూడా తెరవాలంటే అదే సైట్‌లో యాక్సెస్ పేజీకి వెళ్లి, రిమోట్ యాక్సెస్ ఆన్ చేసి, కంప్యూటర్‌కు ఒక పేరు, కనీసం ఆరు అంకెల పిన్ పెట్టాలి. ఆ తర్వాత అదే గూగుల్ ఖాతాతో మీ వైపు లాగిన్ అయితే ఆ కంప్యూటర్ పేరు కనిపిస్తుంది. దాని మీద నొక్కి పిన్ కొడితే లోపలికి వెళ్తారు. అక్కడ క్రోమ్ మూసి ఉన్నా ఫర్వాలేదు, కంప్యూటర్ మేలుకుని ఉంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీ అసలు జీమెయిల్‌తో నాన్న కంప్యూటర్‌లో లాగిన్ అయ్యారంటే మీ మెయిల్, ఫొటోలు, దాచిన పాస్‌వర్డులు అన్నీ అక్కడికి చేరతాయి. నాన్న ఖాతాను మీ దగ్గర తెరిస్తే ఆయనవి మీ దగ్గరికి వస్తాయి. ఈ పనికోసమే వేరే గూగుల్ ఖాతా ఒకటి తెరిచి, రెండు వైపులా క్రోమ్‌లో విడి ప్రొఫైల్ పెట్టుకోండి. రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేయండి. పిన్‌గా పుట్టిన తేదీ మాత్రం పెట్టకండి.

తర్వాత చేయాల్సిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి, కానీ వీటి దగ్గరే అందరం దెబ్బతింటాం. విండోస్ సెట్టింగ్స్‌లో పవర్ దగ్గరికి వెళ్లి, ప్లగ్‌లో ఉన్నప్పుడు నిద్రపోయే సమయాన్ని “నెవర్” చేయండి. తెర ఆరిపోతే నష్టం లేదు, కంప్యూటర్ నిద్రపోకూడదు. ల్యాప్‌టాప్ అయితే మూత మూసినప్పుడు ఏం చేయాలన్నచోట “డూ నథింగ్” పెట్టండి. డెస్క్‌టాప్ అయితే కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే ఏర్పాటు చాలా మదర్‌బోర్డుల్లో బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగ్స్‌లో ఉంటుంది. వేసవిలో కరెంటు కోతలుండే ఊళ్లకు ఈ ఒక్క సెట్టింగ్ చాలా విలువైనది. వైఫై రౌటర్‌కు చిన్న బ్యాకప్ పెట్టె కూడా ఉంటే ఇంకా నయం.

టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ కూడా ఇదే పని చేస్తాయి. సొంత వాడకానికి ఉచితం, వ్యాపారానికి లైసెన్స్ కొనాలి. రస్ట్‌డెస్క్ ఓపెన్ సోర్స్, అంటే ఆ ప్రోగ్రామ్ ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు. కావాలంటే దాని సర్వర్‌ను మీరే నడుపుకోవచ్చు. ఏది దించుకున్నా వాళ్ల అసలు సైట్ నుంచే దించుకోండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన మీద నొక్కి మాత్రం దించుకోవద్దు.

మీ కంప్యూటర్లోకి మీరే లాగిన్ అవడం

ఇప్పుడు రెండో రకం. ఆఫీసు కంప్యూటర్, ఇంట్లో పై గదిలో ఉన్న డెస్క్‌టాప్ లాంటివాటికి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ను మించింది లేదు. ఇది తెరను ఫొటోలు తీసి పంపడం మీదే ఆధారపడదు కాబట్టి నెట్ నెమ్మదిగా ఉన్నా అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే నడపబోయే కంప్యూటర్‌లో విండోస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్ లేదా ఎడ్యుకేషన్ ఎడిషన్ ఉండాలి. హోమ్ ఎడిషన్ నుంచి వేరేదానిలోకి వెళ్లవచ్చు గానీ, హోమ్‌లోకి ఎవరూ రాలేరు. మీది ఏ ఎడిషనో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ దగ్గర కనిపిస్తుంది. ముందు అది చూశాకే మొదలుపెట్టండి.

నడపబోయే కంప్యూటర్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్‌కు వెళ్లి ఆన్ చేయండి. అక్కడ కనిపించే కంప్యూటర్ పేరు రాసుకోండి. మీ చేతిలోని కంప్యూటర్‌లో విండోస్ కీతో ఆర్ నొక్కి, ఎమ్ ఎస్ టి ఎస్ సి అనే ఐదు ఇంగ్లిష్ అక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ చేయండి. వచ్చిన పెట్టెలో ఆ పేరు ఇచ్చి కనెక్ట్ నొక్కండి. పేరుతో దొరక్కపోతే ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కు ఉండే అంకెల చిరునామా ఇవ్వండి. మ్యాక్ నుంచి అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ యాప్ వాడాలి. 2024 వరకు దాని పేరు మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్.

ఇక్కడ ఎక్కువమంది ఆగిపోయేది పాస్‌వర్డ్ దగ్గర. రోజూ నాలుగంకెల పిన్‌తో తెరిచే అలవాటు ఉంటుంది, ఇక్కడా అదే కొడతారు. ఆ పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే పనిచేస్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఖాతా అసలు పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డే లేని ఖాతా అయితే విండోస్ రానివ్వదు. ఒకటి పెట్టుకోవాల్సిందే.

చార్టర్డ్ అకౌంటెంట్ల దగ్గర, టెండర్లు వేసేవాళ్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఒక ముఖ్య విషయం. ఆఫీసు కంప్యూటర్‌కు గుచ్చి ఉన్న డిజిటల్ సంతకం టోకెన్, మీరు రిమోట్ డెస్క్‌టాప్‌లో వెళ్లినప్పుడు మామూలుగా కనిపించదు. విండోస్ ఆ సెషన్‌లో మీ చేతిలోని కంప్యూటర్‌కు ఉన్న టోకెన్ కోసం చూస్తుంది. గడువు చివరి రోజు రాత్రి ఇది తెలిస్తే చాలా కష్టం. అలాంటి పనికి తెర పంచుకునే రకం, అంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటిది వాడండి. అందులో మీరు ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నట్టు లెక్క.

కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కితే మీ కంప్యూటరే స్పందిస్తుంది. అవతలిదానికి పంపాలంటే డిలీట్ బదులు ఎండ్ కీ నొక్కాలి.

3389 తలుపు వీధిలోకి తెరవకండి

రిమోట్ డెస్క్‌టాప్ పైన చెప్పినట్టు ఒకే ఇంటి వైఫైలో చక్కగా పనిచేస్తుంది. బయటి నుంచి రావాలంటే రౌటర్‌లో 3389 పోర్టును, అంటే రిమోట్ డెస్క్‌టాప్ వాడే తలుపును తెరిచి కంప్యూటర్‌కు మళ్లించమని చాలా వీడియోలు చెబుతాయి. దయచేసి ఆ పని చేయకండి. ఇంటర్నెట్‌లో ఏ ఇంటికి 3389 తెరిచి ఉందా అని వెతికే ప్రోగ్రామ్‌లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. దొరికిన చోట పాస్‌వర్డులు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూస్తాయి. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా ఈ తలుపులోంచి లోపలికి రాగల లోపం అది. అప్పటికే సాయం ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసిందంటే దాని తీవ్రత అర్థమవుతుంది.

పైగా మన దగ్గర చాలా మొబైల్, బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఒకే బయటి అడ్రస్‌ను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి. అలాంటప్పుడు మీ రౌటర్‌లో పోర్టు తెరిచినా బయటివాళ్ల పిలుపు మీదాకా రాదు. తప్పు ఎక్కడుందో తెలియక రెండు రోజులు నేను దీనితోనే కుస్తీ పట్టాను.

దీనికి మంచి మార్గం టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేటు నెట్‌వర్క్. రెండు కంప్యూటర్లలోనూ ఇన్‌స్టాల్ చేసి ఒకే ఖాతాతో లాగిన్ అవ్వండి. ఒక్కోదానికి 100తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ పెట్టెలో ఆ అడ్రస్ ఇస్తే చాలు. రెండు కంప్యూటర్లూ ఏ ఊళ్లో ఉన్నా ఒకే ఇంట్లో ఉన్నట్టే మాట్లాడుకుంటాయి. రౌటర్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఆఫీసు కంప్యూటర్ విషయంలో మాత్రం అక్కడి ఐటీ వాళ్లను అడగకుండా ఇలాంటిది ఏదీ పెట్టకండి.

నెమ్మదిగా కదులుతుంటే

నెట్ వేగం గురించి చాలామంది తమ వైపే చూసుకుంటారు. తెర చిత్రం అక్కడి నుంచి ఇక్కడికి రావాలి కాబట్టి అవతలి ఇంటి అప్‌లోడ్ వేగం ముఖ్యం. తెర రిజల్యూషన్ తగ్గించి, వాల్‌పేపర్ తీసేసి చూడండి. అక్కడ వీడియో ఏదైనా ఆడుతుంటే ఆపండి.

అమెరికాలో ఉండి హైదరాబాద్ కంప్యూటర్‌ను నడిపేవాళ్లకు ఇంకో సంగతి. డాలస్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగ తిన్నగా ఉన్నా మీ క్లిక్ వెళ్లి జవాబు రావడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. నిజంగా అంతకన్నా ఎక్కువే. ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా ఇది పోదు. అందుకే ఒకసారి నొక్కి ఆగండి. స్పందన రాలేదని మూడుసార్లు నొక్కితే మూడు కిటికీలు తెరుచుకుంటాయి.

మీరు కొట్టిన ఇంగ్లిష్ అక్షరాలు అక్కడ తెలుగులో పడుతుంటే ఆ కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డ్ ఆన్ అయి ఉందని అర్థం. విండోస్ కీతో స్పేస్ నొక్కి మార్చండి. పాస్‌వర్డ్ ఎంత కొట్టినా తప్పంటున్నప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

మ్యాక్‌లో తెర నల్లగా వచ్చినా, మౌస్ కదలకపోయినా ఆ యాప్‌కు స్క్రీన్ రికార్డింగ్, యాక్సెసిబిలిటీ అనుమతులు ఇచ్చారో లేదో చూడండి.

దూరంగా ఉండి అవతలి కంప్యూటర్‌లో వైఫై, నెట్‌వర్క్ డ్రైవర్, ఫైర్‌వాల్ జోలికి వెళ్లకండి. నేనొకసారి వైఫైని ఆపి మళ్లీ పెడదామని ఆపాను. మళ్లీ పెట్టడానికి నాకు దారే లేకుండా పోయింది. సాయంత్రం నాన్న గుడి నుంచి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఓటీపీ నాకు కూడా చెప్పకండి నాన్నా

ఈ విద్య మనకు ఎంత ఉపయోగమో, మోసగాళ్లకూ అంతే. కేవైసీ ఆగిపోయిందనో, కరెంటు బిల్లు కట్టలేదనో ఫోన్ చేసి, ఒక యాప్ దించుకోమని, కోడ్ చెప్పమని అడుగుతారు. అది మనం పైన నేర్చుకున్న రకం యాప్‌యే. ఇలాంటి యాప్‌తో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. నాన్నకు ఈ పద్ధతి అలవాటు చేస్తున్నామంటే, అడిగితే కోడ్ చెప్పే అలవాటు కూడా మనమే నేర్పిస్తున్నాం. ఈ ఆలోచన రాగానే నాకు భయం వేసింది. అప్పుడు ఇద్దరం కూర్చుని కొన్ని నియమాలు పెట్టుకున్నాం.

సాయం కావాలని ముందు ఆయనే నాకు ఫోన్ చేయాలి. ఎవరైనా వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి సాయం చేస్తామంటే, బ్యాంకు వాళ్లమన్నా, పోలీసులమన్నా, చివరికి నా గొంతే వినిపించినా, పెట్టేసి నా నంబరుకు ఆయన తిరిగి చేయాలి. నేను తెరలో ఉన్నప్పుడు బ్యాంకు సైట్ తెరవం. తప్పక తెరవాల్సి వస్తే నేను బయటికి వచ్చేస్తాను. ఓటీపీ నేను అడగను, ఆయన చెప్పరు. సొంత కూతురికే చెప్పని అలవాటు ఉన్నవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్పరు.

ఒకవేళ ఎవరికైనా తెర ఇచ్చేశారని తెలిస్తే ముందు రౌటర్ స్విచ్ ఆపేయండి, ఫోన్ అయితే డేటా ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, వెంటనే 1930కి చేయండి. ఆ నంబరు దేశమంతటికీ సైబర్ ఆర్థిక మోసాల సహాయకేంద్రం. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పాస్‌వర్డులు ఆ కంప్యూటర్‌లో కాకుండా వేరేదానిలో మార్చండి.

పని అయిపోయాక

ప్రతిసారీ సెషన్‌ను మీరే ముగించి, “నాన్నా, నేను బయటికి వచ్చేశాను, మీ తెర మీద పంచుకుంటున్నట్టు ఏమైనా ఉందా?” అని అడగండి. ఆయన చూసి లేదు అన్నాకే ఫోన్ పెట్టండి. పిన్‌తో తెరిచే ఏర్పాటు వాడి చాలా రోజులైతే తీసేయండి, మళ్లీ పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. అక్కడి విండోస్ అప్‌డేట్లు వస్తున్నాయో లేదో కూడా చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సాయం 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. వీలైతే 11కి మార్చండి.

నాన్న కంప్యూటర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. ఆయన చేతిరాతతోనే రాసుకున్నారు. కంట్రోల్, విండోస్, క్యూ అని ఒక వరుస. నా నంబరు ఒక వరుస. 1930 ఒక వరుస. కింద పెద్ద అక్షరాలతో “ఓటీపీ ఎవరికీ చెప్పను”.